రచయిత: జానపదం

బోధన్‌లో ఒక బాలికల హాస్టల్‌కు వంటమనిషి ఎస్తర్. వయసు యాభై ఆరు. నూట ఇరవై మంది పిల్లలకు రెండు పూటలా వండి పెడుతుంది. ఆమె పాటలు కడుతుందని హాస్టల్ పిల్లలకు తెలుసు, చర్చిలో ఆడవాళ్లకు తెలుసు. అంతకు మించి ఎవరికైనా తెలియాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చిన్నప్పుడు తల్లి వెంట చెరకు నరకడానికి పోయిన రోజుల నుంచీ ఉన్న అలవాటు అది. కాగితం మీద పెట్టదు. పని చేసుకుంటూ ఒక మాటకు ఇంకో మాట జత చేసి, నాలుగు రోజులు నోట్లో నానబెట్టి, కుదిరిందనుకున్నాక పైకి పాడుతుంది.

ఒక్క పాట మాత్రం అట్లా పుట్టలేదు. 1998లో ఆమె తమ్ముడు ఎజ్రా చెరకు లోడుతో ఫ్యాక్టరీకి పోతుంటే ట్రాలీ తిరగబడింది. ఇరవై మూడేళ్లవాడు, దాని కిందే పోయాడు. మనిషిని ఇంటికి తెచ్చినప్పుడు ఎస్తర్ ఏడవలేదు. సమాధి చేసి వచ్చినప్పుడూ ఏడవలేదు. నెల తర్వాత ఉల్లిగడ్డలు కోస్తుంటే పాట దానంతటదే వచ్చింది.

చెరుకు మోపు బరువాయెనా ఎజ్రా
పొద్దు పొడిచి దినమాయెనా ఎజ్రా
ట్రాక్టరొచ్చె ఇంటి ముందుకు
నువ్వు యాడ దిగిపోతివి ఎజ్రా

ఆ రోజు కత్తిపీట పక్కకు నెట్టి ఆమె తనివితీరా ఏడ్చింది.

ఐదేళ్ల తర్వాత నిజామాబాద్ రామ్‌దాస్ ఆ పాట విన్నాడు. బస్టాండ్ దగ్గర క్యాసెట్ల దుకాణం ఆయనది. వెనక గదిలో గోడలకు గోనెసంచులు కొట్టి, చుట్టుపక్కల ఊళ్లలో పాడేవాళ్లను పిలిపించి రికార్డు చేసేవాడు. ఎస్తర్ చేత ఆ పాటతో పాటు ఇంకో మూడు పాడించాడు. చీర పెట్టాడు, పది క్యాసెట్లు చేతికిచ్చాడు. కవర్ మీద ‘బోధన్ ఎస్తర్’ అని అచ్చు వేయించాడు. ఆ తర్వాత క్యాసెట్లు పోయాయి, దుకాణమూ పోయింది. పరిచయం మాత్రం నిలిచింది. ఆయన కూతురి పెళ్లికి ఎస్తర్ రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి వంట చేసి పెట్టింది.

నిరుడు ఎజ్రా వర్ధంతి రోజున ఎస్తర్ చర్చి హాల్లో ఆ పాట పాడింది. కూతురు సౌందర్య నిజామాబాద్‌లో ప్రైవేట్ బడి టీచరు. తల్లి పాడుతుంటే ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టింది. మూడో రోజుకు వీడియోలో గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. కింద ఒక నోటీసు ఉంది. ఈ పాట మీది కాదు, దీని హక్కులు వేరేవాళ్లవి అని దాని సారాంశం.

విషయం వినగానే ఎస్తర్‌కు మొదట కలిగింది భయం. తాను తెలియక ఎవరిదో ఎత్తుకుందేమోనని. మరి వాళ్ల పాటేదో వినిపించమంది. ‘ఏ రాజా’ అట దాని పేరు. సౌందర్య ఫోన్‌లో పెట్టింది. డప్పులు, ఈలలు, ఎవరో మగ గొంతు. ఆ మోత కింద నుంచి ఒక్కొక్క మాటా బయటికి వచ్చింది. చెరుకు మోపు బరువాయెనా, ఏ రాజా. పొద్దు పొడిచి దినమాయెనా, ఏ రాజా.

మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది.

“గది మన ఎజ్రానే బిడ్డా,” అంది చివరికి. “పేరు ఇరగ్గొట్టిండ్రు.”

ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. రెండేళ్ల కింద హాస్టల్ గేటు ముందు పెళ్లి బరాత్ పోతుంటే పిల్లలు ఎగిరింది ఈ పాటకే. మోతలో మాటలు తెలియక, పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది తానే. తన తమ్ముడి చావు పాటకు తానే చప్పట్లు కొట్టింది.

పాట ఎక్కడ మోగినా రుసుము వసూలు చేసి, రాసినవాళ్లకు, స్వరం కట్టినవాళ్లకు పంచే సంఘం ఒకటుందని సౌందర్య వాకబు చేసి తెలుసుకుంది. ఆ సంఘం మనిషి భానుప్రసాద్ రుసుము వసూలుకు నెలకొకసారి నిజామాబాద్ ఫంక్షన్ హాళ్లు తిరుగుతాడట. తల్లీకూతుళ్లు ఒక హాల్ ఆఫీసు గదిలో ఆయన్ని పట్టుకున్నారు. ఆయన మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, ల్యాప్‌టాప్ తెరిచి జాబితాలో వెతికాడు.

“ఇది జానపదం కింద నమోదైందమ్మా. రచయిత అంటూ ఎవరూ లేరు. అందుకని ఆ వాటా కూడా స్వరపరిచినాయనకే పోతుంది.”

“నేను కట్టిన సార్,” అంది ఎస్తర్.

ఇట్లాంటివాళ్లు నెలకు ఇద్దరైనా వస్తారేమో, ఆయన ఓపిగ్గా నవ్వాడు. ఇన్ని ఊళ్లలో ఇంతమంది పాడుతున్నారంటే ఊరి పాటే కదా అన్నాడు.

“ఎజ్రా మా తమ్ముడు. బోధన్ల సమాధి ఉన్నది, రాయి మీద పేరున్నది. వచ్చి సూడుండ్రి.”

ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. సౌందర్య ఫోన్‌లో దాచుకున్న అసలు వీడియో వినిపించింది. ఆయన చివరిదాకా విన్నాడు. ‘ఏ రాజా’ అని లోలోపల ఒకసారి అనుకున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ల్యాప్‌టాప్ మూసి పద్ధతి చెప్పాడు. అభ్యంతరం పెట్టుకోవచ్చు, మొదట రికార్డు చేసిన మనిషి చేత రాయించుకు రావాలి. తేల్చేది ఐదుగురి కమిటీ. అందులో ఈ పాటకు స్వరకర్తగా ఉన్నాయన కూడా ఒకరు.

సౌందర్య తాను సరిగా విన్నదో లేదోనని ఆ మాటే తిరిగి అడిగింది. సరిగానే విన్నది. కమిటీని ఎన్నుకునేది ఎవరని అడిగితే, ఏడాదికి ఇంత అని రాబడి ఉన్న సభ్యులకే ఓటన్నాడు. నియమం అట్లా ఉందని కళ్లు దించుకున్నాడు.

అటునుంచి అటే రామ్‌దాస్ దగ్గరికి పోయారు. ఇప్పుడాయన సందులో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఎస్తర్‌ను చూడగానే స్టూల్ తుడిచి చాయ్ చెప్పాడు. ఆమె సంగతంతా చెప్పి, నువ్వే సాక్షి అనేసరికి ఆయన లేచి షట్టర్ సగం దించాడు.

“గట్ల రాసింది నేనే అక్కా. దుకాణం బంద్ జేసేటప్పుడు పాటలన్నీ ఒక కంపెనోళ్లకు ఇచ్చిన. పాట కట్టినోళ్ల సంతకం కావాలన్నరు. పదకొండు మంది ఊర్లు తిర్గుడు నాతోని యాడైతది? జానపదం అని రాస్తే సంతకం అక్కర లేదన్నరు. రాసిన.”

“అప్పుడు నా పేరు నీకు యాదికున్నదా?”

“ఉన్నది. కవర్ మీద అచ్చేపిచ్చింది నేనే గద.”

తెలియని కంపెనీ వాడెవడో చేశాడనుకున్నంతసేపూ ఆమెకు కోపమే ఉంది. ఇప్పుడు కోపం కూడా రాలేదు. చాయ్ చల్లారిపోయింది. రామ్‌దాస్ అట్టపెట్టెలన్నీ దులిపి పాత రికార్డింగ్ టేపు, కవరు, కంపెనీకిచ్చిన జాబితా నకలు తీశాడు. జరిగింది జరిగినట్టు తన చేత్తోనే రాసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాడు. క్షమించమని ఆయన అడగలేదు. ఆమె పోయొస్తనని చెప్పకుండానే మెట్లు దిగింది.

అభ్యంతరం పెట్టిన ఎనిమిది నెలలకు సంఘం నుంచి జవాబు వచ్చింది. రచయితగా ఎస్తర్ పేరు చేర్చారు. వీడియోకు గొంతు తిరిగొచ్చింది. గడిచిన ఏళ్ల డబ్బు పంచేశాం, వెనక్కి తేలేమని రాశారు. ‘ఏ రాజా’ పేరు మాత్రం మార్చలేదు. ఆ పేరుతోనే జనంలోకి పోయిందట. ఎస్తర్‌కు సభ్యత్వం ఇచ్చారు, ఓటు ఇవ్వలేదు. ఉత్తరం చదివించుకుని ఆమె అడిగింది ఒక్కటే. మిగిలిన పది మందికి ఈ సంగతి తెలుసా అని.

ఎవరికీ తెలియదు. వాళ్లలో నలుగురు అప్పటికే పోయారు. ఆదివారం ప్రార్థన కాగానే ఎస్తర్, సౌందర్య బస్సెక్కి నందిపేట్ పోయారు. అక్కడి పోశయ్యకు డెబ్భై దాటాయి. ఆయన పసుపు చేలలో పాడే పాట ఒకటి రామ్‌దాస్ జాబితాలో ఉంది. ఎస్తర్ మొదటి నుంచి చెప్పింది. ఆయన భార్య రాధాబాయి చాటలో బియ్యం ఏరుతూ వింటున్నదల్లా తలెత్తింది.

“గది నా మీద కట్టిన పాట. మా లగ్గమైన ఏడు,” అంది.

పోశయ్య లోపలికి పోయి అద్దాలు తెచ్చుకున్నాడు. తన పాట పక్కన ఏముందో చూపించమన్నాడు. సౌందర్య సంఘం జాబితా తెరిచి ఫోన్ ఆయన ముఖం దగ్గర పెట్టింది. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. తెలియక అడిగాడో, తెలిసే అడిగాడో గాని, ఎస్తర్ వైపు తిరిగి నిదానంగా అన్నాడు:

“గీ జానపదం అనేటాయన యే ఊరాయన చెల్లే?”

ఎస్తర్ సంచిలోంచి ఖాళీ అభ్యంతరం ఫారం తీసి, రచయిత అన్న గడి మీద వేలు పెట్టి, ఇంటిపేరుతో సహా చెప్పమని పోశయ్యను అడిగింది. సౌందర్య రాసుకుంది.