తునికాకు మూటలో ఖాకీ అంగి

నక్సలైట్ల రోజుల్లో కొడిమ్యాల అడవిలో తుపాకులకు ఎదురుగా మీసం మెలేసి నిలబడ్డానని మనవలకు చెబుతుంటాను. అందులో నిజం మీసం ఒక్కటే.

కోస్తాలో మడ అడవులు కాసే ఫారెస్టు గార్డునైన నన్ను కొన్నాళ్లు అక్కడికి పంపారు. మొదటిరోజే బీడీలకు వాడే తునికాకు కోస్తున్న ఒక అవ్వ నన్ను చూసి హడలిపోయింది.

"ఖాకీ జూస్తే పోలీసనుకుంటరు కొడుకా, అంగి ఇడువు!"

నేను విప్పి ఇచ్చిన అంగిని ఆకుల మధ్య మడిచి, ఆ మూట తన నెత్తినే పెట్టుకుంది. కాసేపటికి తుపాకులతో ఇద్దరు అన్నలు ఎదురయ్యారు.

"గీయన ఎవలవ్వా?"

"నా అల్లుడు. ఉత్త మొద్దు. ఆకు కట్ట కట్టుడు గూడ రాదు."

నవ్వుకుంటూ పోయారు.

"మూట విప్పమంటే?" అన్నాను.

"ఇద్దరం సచ్చేటోళ్లం" అంటూ అంగికి అంటిన ఆకులు దులిపి ఇచ్చింది.

నా పేరైనా అడగలేదు.