స్టెల్లా గారి కారుకు జారని టైర్లు

స్టెల్లా గారికి నలభై ఏడేళ్లు. కూచిపూడిలో ఒక బ్యాంకు శాఖకు మేనేజరు. విజయవాడ క్రీస్తురాజపురం నుంచి రోజూ వెళ్లి వస్తారు. ఆ దారిన ఉద్యోగాలకు పోయేవాళ్లు బస్సెక్కుతారు, లేదా నలుగురు కలిసి ఒక కారులో సర్దుకుంటారు. ఈమె ఒక్కరే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో వెళ్తారు. హైదరాబాదులో ఒకాయన వాడి వదిలేసిన పాత బండి అది. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. స్పీడ్ బ్రేకరు వస్తే ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించాలి. వెనక లారీవాళ్లు హారన్ మోగిస్తుంటారు. అప్పుల కోసం బ్యాంకుకు వచ్చే రైతులు ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తర్వాతే లోపలికి వస్తారు.

భర్త పోయిన ఏడాదికి కొన్నారు. ఎందుకు కొన్నారని అడిగితే "నడపడానికి" అంటారు. అంతకుమించి చెప్పరు.

పోయిన ఆగస్టులో ఉయ్యూరు దగ్గర మలుపులో, వానలో, ఆ కారు జారింది. వెనక చక్రాలు పక్కకు తన్నుకొచ్చాయి. బండి అడ్డం తిరిగి, ముక్కు కాలువ వైపు పెట్టి ఆగింది. పక్క సీట్లో వాళ్లమ్మ అమలమ్మ ఉన్నారు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ అరవలేదు. ఇంటికి వచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "అమ్మెయ్" అన్నారు.

"టైర్లు అరిగిపోయాయమ్మా. మారిస్తే సరిపోద్ది."

"మార్చాక కూడా జారితే?"

"అమ్మేస్తా."

"ఒక్కసారి జారినా?"

"ఒక్కసారి జారినా అమ్మేస్తా. సరేనా?"

ఏ పిల్లకూ ఏనాడూ అర మార్కు ఊరికే కలపని మనిషికి ఇచ్చిన మాట అది. స్టెల్లా గారు ఇక టైర్ల మీద పడ్డారు.

కార్ల పోటీల్లో నడిపేవాళ్లంతా మెచ్చుకునే టైరు ఒకటుంది. పొడి రోడ్డుకు బంకలా అంటుకుంటుందట. ఆమె మనసు దాని మీదే ఉండేది. కానీ దాని మీద గాడులు దాదాపు లేవు, నీళ్లు పోవడానికి దారి లేదు. ఈ డెల్టాలో వానలు మొదలైతే రోడ్డు మీద నీళ్లు నిలవని రోజు తక్కువ. బాధపడుతూనే దాన్ని వదిలేసి, వెడల్పు గాడులూ మెత్తటి రబ్బరూ ఉన్న ఇంకో రకం ఎంచుకున్నారు. క్యాషియర్ వెంకటసుబ్బారావు గారు మాత్రం, "ట్రాక్టరు టైరులా పెద్ద గళ్లున్నది వేయించండి మేడమ్, బురదలో కూడా జారదు" అన్నారు. ఆయన హాస్యమాడలేదు.

ఆటోనగర్‌లో టైర్ల షాపు మాణిక్యం ఆమె వెనక్కి తొంగి చూశాడు. "సారు రాలేదా అండీ?"

"సారు పోయి ఆరేళ్లయింది. ఉన్నప్పుడు కూడా ఆయనకి టైర్ల సంగతి తెలీదు. నాతో చెప్పండి."

మాణిక్యం నొచ్చుకుని, వెంటనే తేరుకుని, ఒక టైరు దొర్లించుకొచ్చాడు. "రాయి లాంటిదండీ మేడమ్. యాభై వేల కిలోమీటర్లు కదలదు."

"నాకు రాయి వద్దండీ. మెత్తటిది కావాలి, వానలో రోడ్డు పట్టుకునేది."

"మెత్తటిది పదిహేను వేలకే అరిగిపోద్దండీ!"

"అరిగిపోనివ్వండి."

"అరిగిపోయేదాన్ని ఎవరన్నా కోరి కొంటారా అండీ? పైగా వెనకవి వెడల్పు, ముందువి సన్నం అంటున్నారు. నాలుగూ ఒకటే సైజు వేయిస్తే స్టెప్నీకి కూడా పనికొస్తది కదా."

"దీనికి స్టెప్నీ లేదు."

"లేదా?" మాణిక్యం నమ్మలేదు. డిక్కీ తెరిపించి తనే చూసుకున్నాడు.

తెప్పించిన నాలుగు టైర్ల మీదా తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉన్నాయి. అవి మూడేళ్ల నాటివి. నీడలోనే ఉంచామన్నాడు మాణిక్యం. నీడలో ఉన్నా రబ్బరు గట్టిపడుతుందని ఆమె తిప్పి పంపారు. రెండోసారి ముందు చక్రాలవే వచ్చాయి. వెనకవి అడిగితే, "చెన్నైలో లారీ ఎక్కేశాయండీ, దారిలో ఉన్నాయి" అని ఒకటే మాట. అన్నాళ్లూ బ్రాంచి మేనేజరు గారు బస్సులో, కూచిపూడికి ముందొచ్చే పామర్రు దాకా నిలబడి వెళ్లారు.

చివరికి అక్టోబరులో నాలుగూ బిగించారు. కొత్త రబ్బరు కదా అని ఆమె కొన్నాళ్లు నెమ్మదిగా నడిపారు. ఒక రెండో శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. బ్యాంకుకు సెలవు. అమలమ్మ చీర మార్చుకుని వచ్చి, "పామర్రు పోదాం పద, దానమ్మని చూడాలి" అన్నారు. దానమ్మ ఆవిడ చెల్లెలు. చూడాల్సింది టైర్లనని తల్లికీ కూతురికీ తెలుసు.

అపార్ట్‌మెంటు సెల్లారు నుంచి పైకి ఎక్కే వాలు మీదే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కారు ముందుకు పోలేదు. మెల్లగా వెనక్కి జారి, బంపరు స్తంభానికి ఆనుకుంది. స్టెల్లా గారు ఇంజను ఆపారు. ఇన్ని నెలల తంటా ఇందుకా? దిగి టైరు మీద చేయి పెట్టారు. వేళ్లు జిడ్డయ్యాయి.

"అమ్మా, ఏం చేశావ్?"

"పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన నూనె. పొద్దున్నే వచ్చి నాలుగు టైర్లకీ రాశాను."

"ఎక్కడ రాశావ్?"

"రోడ్డుకి ఆనే చోట. ప్రమాదం అక్కడే కదా."

"అందరూ బానెట్ మీద కాస్త రాస్తారమ్మా!"

"బానెట్ జారిందా మొన్న?" అమలమ్మ గొంతు తగ్గలేదు. "ఏదైతేనేం, జారింది."

"నూనె రాసింది నువ్వు!"

"ప్రార్థించిన నూనె జారుస్తుందా?"

"ఏ నూనైనా జారుస్తుంది! నువ్వు టీచరువి కాదూ?"

"నేను లెక్కలు చెప్పాను. సైన్సు చెప్పలేదు."

వాచ్‌మన్ ఇశ్రాయేలు బకెట్టూ సబ్బుపొడీ పట్టుకొచ్చి దూరంగా నిలబడ్డాడు. కడగమంటారా అని అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. అమలమ్మ కారునీ, కూతురి మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

"పరీక్షలో ఇన్విజిలేటరే పేపరు మీద సిరా ఒలికిస్తే పిల్ల తప్పు కాదు," అన్నారు చివరికి. "పరీక్ష మళ్లీ రాయి. కడుగయ్యా ఇశ్రాయేలూ."

నురగ పోయేదాకా కడిగారు. ఈసారి వాలు మీద కారు చక్కగా పైకి వచ్చింది. ఉయ్యూరు మలుపు దగ్గర వాన ఇంకా జోరుగా ఉంది. పక్క సందులోంచి ఒక ఆటో చూసుకోకుండా రోడ్డెక్కింది. స్టెల్లా గారు బ్రేకు తొక్కేశారు. కారు గీత గీసినట్టు తిన్నగా వెళ్లి, ఆటోకు బారెడు దూరంలో నిలబడింది. ఆటో అతను వెనక్కి తిరిగైనా చూడలేదు.

అమలమ్మ డోరు హ్యాండిలు వదిలారు. "పద" అన్నారు. తీర్పు అదే. కారు ఇక అమ్మనక్కర్లేదు.

పామర్రులో కాఫీ ఇంకా రాకముందే అమలమ్మ చెల్లెలికి చెప్పడం మొదలుపెట్టారు. "నూనె రాశాను కాబట్టి బతికాం దానమ్మా. లేకపోతే ఆటో కింద ఉండేవాళ్లం."

కారు దక్కింది, అది చాలనుకున్నారు స్టెల్లా గారు.

దానమ్మ కొంగుతో కళ్లొత్తుకున్నారు. "కాస్త మిగిలిందా అక్కా? మా వాడి ట్రాక్టరుకి కూడా రాద్దాం."

స్టెల్లా గారు లేచి నిలబడ్డారు. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. టైర్లకి మాత్రం వద్దు."