అత్త అలికిన పొయ్యి

మా అత్త పోయి నాలుగేళ్లయినా ఆమె మీద నా కోపం పోలేదు.

ఆమెకు పొయ్యి మీద మసి కనిపించకూడదు. పొద్దున్నే బూడిద ఎత్తి, ఎర్రమన్ను కలిపి పొయ్యంతా అలికేది. పొగగొట్టంలోకి పోయే రంధ్రం అంచు నల్లబడినా ఊరుకోదు. అక్కడా వేలితో ఒక పూత పూసేది.

నేను వంటకు కూర్చుంటే పొగంతా నా ముఖానికే కొట్టేది. కళ్లు తుడుచుకుంటుంటే గడపలోంచి అదే మాట.

"మళ్ల పచ్చి కట్టెలే తెచ్చినవ్ పిల్లా."

అడవి నుంచి నెత్తిన మోసుకొచ్చి, ఎండాకాలమంతా ఎండబెట్టిన కట్టెలవి. ఆరేళ్లు ఆ మాట పడ్డాను.

ఒకరోజు ఆమె సంతకు పోయినప్పుడు ఆ రంధ్రంలో చెయ్యి పెట్టి చూశాను. బొటనవేలు కూడా దూరలేదు. రోజుకో పూతతో ఆమే మూసేసింది. కొడవలి మొనతో మట్టిని పెళ్లలు పెళ్లలుగా రాలగొట్టాను. ఆమె వచ్చేసరికి పొగ నేరుగా పైకి పోతోంది. పెళ్లలు ఆమె ముందు పోశాను.

"గిదంతా నీ పూతనే అత్తా."

ఆమె పెళ్లలను చూసింది, పొయ్యిని చూసింది.

"ఇయ్యాల ఎండు కట్టెలు పెట్టినవ్. ముందుగాల్నే గిట్ల పెడితే ఏం పోయేది" అంది.

ఆ పెళ్లలన్నీ ఏరి, రేపు అలకడానికి నీళ్లలో నానేసింది.