కార్వాన్ కింగ్‌ని దొంగ అన్నాను

ఆటో నయాపూల్ మీద ఇరుక్కుపోయి అప్పటికే పావుగంట దాటింది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఆలస్యమవుతుందని ఆఫీసుకు చెప్పడానికి ఫోన్ కోసం సంచంతా గాలిస్తున్నాను. సరిగ్గా అప్పుడు పక్కనావిడ ఫోన్‌లోంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. స్ట్రైకర్ కాయకు తగిలి, కాయ జారి, పాకెట్‌లో పడ్డ చప్పుడు. మూడేళ్లు ఆ చప్పుడు మధ్యనే కూర్చుని మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకున్నదాన్ని కాబట్టి, ఎక్కడ విన్నా గుర్తుపడతాను. ఇక ఫోన్ సంగతి మరిచిపోయి ఆవిడ ఆటే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ ఓడిపోయింది. "ఈ ఫోన్ ఆగి ఆగి నడుస్తది, గందుకే ఓడిన" అంది, నేను అడక్కపోయినా. నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే పద్మావతి మేడమ్ గుర్తొచ్చారు. ఓడినవాళ్లు ముందు యంత్రాన్నే తిడతారని, అది నిజమా కాదా అని వెంటనే వాదించకూడదని నాకు చెప్పింది ఆవిడే.

మాది గౌలిపుర. ఇంట్లో బర్రెలు, పొద్దున్నే పాల క్యాన్లు, వాటి వెంట అమ్మ అరుపులు. ఇంటర్ రెండో విడతలో గట్టెక్కాను, ఆపైన చదువు ముందుకు సాగలేదు. టైపింగ్ నేర్చుకున్న చోట ఎవరో చెబితే సంతోష్‌నగర్‌లో ఒక ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసంటే ఏదో అనుకునేరు, కిరాణా దుకాణం పైనున్న మూడు గదులు. అక్కడ పదిమంది కుర్రాళ్లు కంప్యూటర్ మీద ఆడే క్యారమ్స్ తయారుచేశారు. ఒక ఊళ్లోవాళ్లు ఇంకో ఊళ్లోవాళ్లతో ఇంటర్నెట్‌లో ఆడొచ్చు. ఆడేవాళ్లు ఫిర్యాదులు, పొగడ్తలు, తిట్లు రాసుకోవడానికి ఫోరమ్ అని ఒక పేజీ ఉండేది. దాన్ని చూసుకునేది పద్మావతి మేడమ్. ఆవిడ హోదా కమ్యూనిటీ మేనేజర్, ఆవిడ కింద మనిషిగా నేను చేరాను. మా అమ్మకు ఇదంతా ఎలా చెప్పాలో తెలియలేదు.

"గదేం కొలువు బిడ్డా?" అంది.

"ఆటాడెటోళ్ల లొల్లి తీర్చాలె అమ్మా."

"మంచిగున్నది. మరి ఇంట్ల నీ లొల్లి ఎవరు తీర్చాలె?"

మేడమ్‌ది కాకినాడ. భర్త ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నలభై అయిదేళ్ల మనిషి, ఎప్పుడూ నూలు చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. అంతకుముందు చాలా ఏళ్లు టెలిఫోన్ ఫిర్యాదులు తీసుకునే చోట పనిచేశారు. క్యారమ్స్ అసలు రాదు. మొదటి రోజు ఆవిడ నన్ను ఇంగ్లీషులో ఏదో అడగబోతుంటే నేనే చెప్పేశాను, "మేడమ్, నాకు ఇంగ్లీష్ అంత రాదు. మాట్లాడుమంటే మస్తు మాట్లాడ్తా."

"అదే కావాలమ్మాయ్. నువ్వు మాట్లాడినట్టే రాయి. అవతలివాళ్లు కూడా మాట్లాడినట్టే రాస్తున్నారు, చదవలేక చస్తున్నాను నేను" అన్నారు.

నిజమే. అప్పట్లో అందరూ తెలుగునూ ఉర్దూనూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు. అది నాకు నీళ్లు తాగినంత సులువు. ఆవిడ పని చేసే తీరు మాత్రం నాకు కొత్త. ఫిర్యాదు వస్తే దాన్ని గొంతు మార్చి పైకి చదివించేవారు. తర్వాత ఆ మనిషి ఓడిపోయిన ఆటను మొదటి నుంచి చివరి దాకా చూడమనేవారు. చూశాకే జవాబు. ఒకసారి ఒకతను మమ్మల్ని పచ్చి బూతులు తిట్టాడు. నాకు ఒళ్లు మండి, నేనూ రెండు కడిగేద్దామని కూర్చున్నాను. మేడమ్ నా పక్కకు కుర్చీ లాక్కుని, అతని ఆట మొత్తం చూసి, ఒక్క ముక్క రాయించారు. "మీ ఆట చూశాం. రెడ్ పడ్డాక దాని వెంట పడాల్సిన కవర్ కాయ కూడా పడింది, మా లెక్కలోనే తప్పు జరిగింది." గంటలో అతని నుంచి "సారీ అక్కా" అని వచ్చింది.

"గాడు గన్ని తిట్టిండు గద మేడమ్, మీకు కోపం రాలే?"

"వచ్చింది. కోపం నాది, ఫిర్యాదు ఆయనది. రెండూ కలపకూడదు" అన్నారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఇంకో మాట కూడా చెప్పారు. ఎవరినైనా ఆటలోంచి తీసేసే ముందు ఒక్కసారి ఫోన్ చేసి అడగాలి, వాళ్ల మాట పూర్తయ్యే దాకా మనం నోరు తెరవకూడదు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఆ రోజుల్లో కార్వాన్ కింగ్ అనే పేరుతో ఒక ఆటగాడు ఉండేవాడు. ఎవరూ ఓడించలేకపోయేవాళ్లు. పెద్ద పోటీ వారంలో ఉందనగా ఫోరమ్‌లో గోల మొదలైంది. వాడు మనిషి కాదు, వాడి తరఫున ఏదో ప్రోగ్రామ్ ఆడుతోంది అని. మేడమ్ అప్పుడు తమ్ముడి కూతురి పెళ్లికి కాకినాడ వెళ్లారు. నేను ఒక్కదాన్నే కూర్చుని అతను ఆడిన సమయాలు చూశాను. పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాకా, ఒక ఆట అయిపోతే ఇంకోటి. ఆదివారం కూడా అంతే. మనిషైతే చాయ్ తాగడా, అన్నం తినడా అనుకున్నాను. రిజిస్టర్ చేసుకున్నప్పుడు ఇచ్చిన ఇంటి ఫోన్ నంబరు నా కళ్లముందే ఉంది. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఇప్పుడు దాపరికం లేకుండా చెబుతాను. వందమంది చూసే చోట ఒక దొంగను పట్టుకున్నదాన్నని అనిపించుకోవాలని నాకు మహా తొందరగా ఉంది. "కార్వాన్ కింగ్ మోసగాడు. ఈ రోజు నుంచి ఆటలో ఉండడు. ఇట్లు, యాజమాన్యం" అని పెట్టేశాను. శభాష్ అంటూ జవాబులు వచ్చి పడ్డాయి. ఆ సాయంత్రం ఇంటికి తేలిపోతూ వెళ్లాను.

మేడమ్ తిరిగొచ్చి, కాజాల పొట్లం బల్ల మీద పెట్టి, ఫోరమ్ తెరిచారు. చదివారు. నా వైపు తిరిగి ఒకటే అడిగారు.

"ఏమన్నారు వాళ్లు?"

"ఎవలు మేడమ్?"

"ఫోన్ చేస్తే ఏమన్నారని."

"చెయ్యలే మేడమ్" అన్నాను. ఆవిడ తిట్టలేదు. ఫోన్ నా ముందుకు జరిపి, "నాకు ఉర్దూ సరిగ్గా రాదు, నువ్వే మాట్లాడు" అన్నారు. ఎవరో పెద్దావిడ ఎత్తారు. నేను ఆట కంపెనీ పేరు చెప్పగానే, "ఘర్ కో ఆకే బోలో" అన్నారు. ఇంటికొచ్చి మాట్లాడమని. అంతే, పెట్టేశారు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాం. కార్వాన్‌లో సన్నటి గల్లీ, పరదా వెనక ఒక పెద్ద గది. గది నిండా కట్టెల మగ్గం, దాని మీద బిగించిన ఎర్రటి బట్ట, చుట్టూ జరీ తీగతో జర్దోసీ కుట్టుపని చేస్తున్న ముగ్గురు ఆడవాళ్లు. వాళ్ల అత్తగారు అరవై దాటిన మనిషి, అందరూ బడీ అమ్మా అంటారు. ఫోన్‌లో మాట్లాడింది ఆవిడే. గది మూలన కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. కార్వాన్ కింగ్ అంటే ఆ నలుగురూ. సూది పని చేస్తే గంటకోసారి కళ్లు, వేళ్లు లాగుతాయి. అలా ఒకరు లేచి కాసేపు క్యారమ్స్ ఆడతారు, మిగతా ముగ్గురూ మగ్గం దగ్గరే ఉంటారు. ఆవిడ వచ్చి కూర్చోగానే ఇంకొకరు లేస్తారు. మగ్గమూ ఖాళీగా ఉండదు, కంప్యూటరూ ఖాళీగా ఉండదు. అన్నం కూడా వంతులవారీగానే. పేరు చిన్న కోడలు సరదాకి పెట్టిందట. రోజంతా ముత్యాలూ తీగలూ గుచ్చే ఆ వేళ్లకు గురి తప్పడమే తెలియదు.

చాయ్ ఇచ్చారు. నేను తల దించుకుని, "గల్తీ హోగయి, తప్పయింది బడీ అమ్మా. ఇప్పుడే ఖాతా తెరుస్తం. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను.

ఆవిడ తెలుగులోనే జవాబిచ్చారు. "ఆట బోతే బోనీ. మేం గల్లీల మొఖం ఎత్తుకొని తిరిగెటోళ్లం. ఇప్పుడు పిల్లలు గుడక చోర్ కింగ్ అంటున్రు. సబ్ కే సామ్నే చోర్ అన్నవ్ బేటా. మాఫీ మాత్రం పరదా లోపటికొచ్చి అడుగుతున్నవ్."

చిన్న కోడలు, "జానే దో అమ్మీ, చిన్న పిల్ల" అంది, పోనిమ్మన్నట్టు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది. మేడమ్ చాయ్ కప్పు కింద పెట్టి, వచ్చీరాని ఉర్దూలో, "సబ్ కే సామ్నే బోలేంగే, అమ్మా" అన్నారు. అందరి ముందే చెబుతామని.

ఆఫీసులో, కంపెనీ పెట్టిన మా సార్ ఒప్పుకోలేదు. చెడ్డవాడు కాదు, చిన్న వయసు, ఆ ఆట మీదే ప్రాణం పెట్టుకున్నాడు. "చప్పుడు చెయ్యకుండా ఖాతా తెరవండి మేడమ్, చాలు. తప్పు చేశామని రాస్తే రేపు ప్రతి దొంగా వచ్చి నేనూ అమాయకుణ్ణే అంటాడు. పోటీ ముందు కంపెనీ పరువేం కావాలి?"

"అందరి ముందు అన్నాం సార్. చెవిలో చెబితే ఎలా సరిపోతుంది?"

"అయితే రాయండి. కానీ అలా రాసినవాళ్లు ఇక్కడ ఉండరు."

"సరే. నేను రాస్తాను. ఆ పని నాది, బాధ్యతా నాదే."

"రేపు పదింటికి మాట్లాడదాం" అని సార్ లోపలికి వెళ్లిపోయాడు. ఆ గదిలో ఎవరూ నా పేరెత్తలేదు. మెట్లు దిగుతుంటే నేనే ఆపాను. "మేడమ్, తప్పు నేన్ జేస్తే మీరెందుకు పోవాలె?"

"నీకు నేర్పింది నేనేగా. సరిగ్గా నేర్పలేదేమో" అన్నారు. కాజాల పొట్లం నా చేతిలో పెట్టి, "మీ అమ్మకివ్వు" అని బస్సు ఎక్కేశారు.

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, కథ దాచుకోవడం నాకు రాదు. సార్ నెల రోజులు నాతో మాట్లాడలేదు, కానీ ఎవరి ఉద్యోగమూ పోలేదు. బడీ అమ్మ ఇంట్లో కంప్యూటర్ మీది దుప్పటి తీశారు, పోటీలో మాత్రం ఆడలేదు, పెళ్లిళ్ల సీజన్ పని ఉందన్నారు. రెండేళ్లకు మేడమ్ కాకినాడ తిరిగి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను ఇంకో కంపెనీలో ఆవిడ చేసిన పనే చేస్తున్నాను. నా కింద ఇద్దరున్నారు. ఎవరినైనా తీసేద్దామని వాళ్లు పరుగెత్తుకొస్తే నేను ఫోన్ వాళ్ల ముందుకు జరుపుతాను. అవతల మనిషి మాట్లాడుతుంటే ఇప్పటికీ నా నోరు దురద పెడుతుంది, పెదవి కొరుక్కుని కూర్చుంటాను. ఆవిడ నాకిచ్చినవాటిలో ఇది ఒకటే అని కాదు. కానీ రోజూ చేతికందేది ఇదే.

మేడమ్ కాజాలు చేతిలో పెట్టిన ఆ రాత్రి వాటిని తినలేకపోయాను. అమ్మకు జరిగిందంతా చెప్పాను. "కొలువు పోతే పోతది. బర్రెలున్నయ్" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికే సంతోష్‌నగర్ వెళ్లి, కిరాణా దుకాణం అతని దగ్గర తాళం చెవి తీసుకుని పైకెక్కాను. కంప్యూటర్ తెరిచి, నేను మాట్లాడినట్టే రాశాను. "కార్వాన్ కింగ్ దొంగ కాదు. గాళ్లు మోసం జెయ్యలే. ఒక్క ఫోన్ గుడక జెయ్యకుండ దొంగ అన్నది నేను. పద్మావతి మేడమ్ అప్పుడు ఊళ్లె లేరు, కంపెనీకి తెల్వదు. గాళ్లకు అందరి ముందు మాఫీ అడుగుతున్న." కింద సునీత అని నా పేరు పెట్టాను. పేజీలో అన్నిటికంటే పైన పోటీ ప్రకటన మెరుస్తోంది. దాన్ని కిందికి దించి, నేను రాసింది పైన పెట్టాను. తర్వాత తాళం వేసి, రోడ్డు దాటి, మేడమ్ బస్సు దిగే చోట నిలబడ్డాను, ఆవిడ ఆఫీసు మెట్లెక్కకముందే, నేను రాసేశానని చెప్పాలని.