ఒషావాలో ఆదివారపు పుడింగు

మొన్న కెనడాలో మేముండే కిచెనర్‌లో మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో ఒకమ్మాయి చిన్న కాగితపు కప్పుల్లో క్రిస్మస్ పుడింగు పంచుతోంది. మైక్రోవేవ్‌లో వేడిచేసిన ప్లాస్టిక్ గిన్నె, దాని మీద ‘సంప్రదాయ’మని బంగారు రంగు అక్షరాలు. ఎండుద్రాక్షా, మాడిన చక్కెరా, పాత కొవ్వూ కలగలిసిన ఆ వాసన నన్ను కూరగాయల దగ్గరే ఆపేసింది. నా ముందున్నాయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మర్యాదగా తలూపి, నాలుగడుగులు వేశాక టిష్యూలో ఊసేశాడు. నాకాయన మీద గౌరవం కలిగింది. మా చిన్నప్పుడు మాకు ఊసే స్వేచ్ఛ కూడా లేదు.

మా నాన్న నరసాపురంలో మిషన్ బడిలో చదువుకుని, ఈ దేశంలోని ఒషావా ఊరికి వచ్చి కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. చలికాలమంతా మా ఇంట్లో తలుపు దగ్గర ఆరేసిన బూట్ల వాసన, తడిసిన ఉన్ని వాసన, కోట్లకు పట్టకుండా కిటికీలు తెరిచి మరీ అమ్మ కాచే చేపల పులుసు వాసన ఉండేవి. నేనూ తమ్ముడూ పెరట్లో గడ్డకట్టిన మంచు మీద చెత్తడబ్బా మూతల మీద కూర్చుని జారేవాళ్ళం. ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూరా అన్నం తిన్నాక మళ్ళీ ఆ మూతల దగ్గరికి పరిగెత్తబోతే నాన్న గొంతు వినపడేది, “పుడింగు తినకుండా ఎవరూ లేవకూడదు.”

నాన్నే స్వయంగా చేసే ఆ ఇంగ్లీషు పుడింగుల సంగతి ఏమని చెప్పను! ఒక వారం రైస్ పుడింగు, అంటే పరమాన్నానికి జబ్బుచేసి, ప్రాణం పోయి, పైన తోలు కట్టిన పదార్థం. ఇంకో వారం నిన్నటి బ్రెడ్డు ముక్కలను పాలల్లో ముంచి ఓవెన్‌లో పెట్టిన తడిగుడ్డ. మరో వారం గొడ్డుకొవ్వు తురిమి పిండిలో కలిపి, గుడ్డలో మూటకట్టి, మా ఇడ్లీపాత్రలో ఉడికించిన బండరాయి. ఆ పాత్రకు పట్టిన కొవ్వు వదిలించలేక అమ్మ సోమవారం ఇడ్లీలు మానేసేది. ఆ ఇంగ్లీషు జాతి మొత్తం సముద్రాలు దాటి ఊళ్ళేలడానికి వచ్చిందంటే కారణం ఇంట్లో పెట్టే ఈ తిండే కాబోలని నాకు పదేళ్ళకే తోచింది.

“శుభ్రమైన పాలూ బియ్యమూ ఇలా పాడుచేయడం ఎందుకండీ?” అనేది అమ్మ.

“ఇక్కడోళ్ళు ఇదే తింటారే. మనం అలవాటు చేసుకోవాలి,” అనేవాడు నాన్న, ముఖం చిట్లించకుండా జాగ్రత్తపడి మింగుతూ.

ఇక్కడివాళ్ళంటే నాన్న దృష్టిలో పక్కింటి మిసెస్ హారిస్ ఒక్కతే. ఇంగ్లండులో పుట్టిన వితంతువు. కర్టెన్ల వెనక ఆవిడ రోజూ పుడింగు తింటూ ఉంటుందని నాన్న నమ్మకం. ఒక ఏడాది ఆవిడను క్రిస్మస్ భోజనానికి పిలిచాడు. సారా వాసన ఇంట్లోకి రానివ్వని మనిషి, చిన్న బ్రాందీ సీసా కొని, మా చర్చి అంకుల్స్ కంటపడకుండా కారు డిక్కీలో దాచాడు. వారాల తరబడి ఎండుద్రాక్షలు నానబెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే మూత తీసి చూసుకునేవాడు.

ఆ రోజు నాన్న టై కట్టుకున్నాడు. భోజనమయ్యాక దీపాలు ఆర్పించి, గరిటెలో బ్రాందీ వెచ్చబెట్టి, అంటించి, పుడింగు మీద పోశాడు. నీలిమంట ఒక్క క్షణం అందంగానే ఉంది. తరవాత పళ్ళెం అంచు దాటి కాగితపు నాప్కిన్లు అందుకుంది. తమ్ముడు కేక పెట్టాడు. అమ్మ జగ్గెడు నీళ్ళు గుమ్మరించింది. దీపం వేసేసరికి నల్లటి నీళ్ళలో పుడింగు తేలుతోంది.

మిసెస్ హారిస్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “మా అమ్మ పోయాక ఈ దరిద్రం మా ఇంట్లో ఎవరూ చేయలేదు. చిన్నప్పుడు నా వాటా బల్లకింద కుక్కకు పెట్టేదాన్ని. ఈ కాలంలో ఇదెవరు తింటారు?” అని ఇంగ్లీషులో అని, అమ్మ చేసిన కోడికూర ఇంకాస్త వడ్డించుకుంది.

పుడింగంటే నాకున్న ఏవగింపు అంతా ఆ క్షణంలో ఆవిడ మీదికి మళ్ళింది. మా నాన్న ఇన్నేళ్ళు మింగింది ఎవరి కోసం? నాన్న మాత్రం ఆవిడతోపాటు నవ్వడానికి ప్రయత్నించాడు. ఆవిడ వెళ్ళాక వంటింట్లో నిలబడి, ఆ తడిసిన ముద్దను చెంచాతో తిన్నాడు. టై విప్పలేదు.

తరవాతి ఆదివారం నాన్న పుడింగు మాట ఎత్తలేదు. చేయి కడుక్కోవడానికి లేవబోతుంటే అమ్మ, ఆ తిండిని అందరికన్నా ఎక్కువ అసహ్యించుకున్న అమ్మ, ఓవెన్ తెరిచి రైస్ పుడింగు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“కూర్చోండి. ఎవరో నవ్వారని మనింట్లో మానేస్తామా?”

నాన్న మళ్ళీ కూర్చున్నాడు. ఒక చెంచా తిన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు, “ఏమే, ఇందులో కాస్త ఏలక్కాయ దంచి వేస్తే బావుంటదేమో.”

అమ్మ ఏలకులే కాదు, నెయ్యీ, జీడిపప్పూ, బెల్లమూ వేసింది. మరుసటి వారానికి అది పరమాన్నమైపోయింది. మా ఇంట్లో ఆంగ్లేయుల పాలన అలా ముగిసింది.

ఇప్పుడు నాన్న లేడు. పక్క ఊరు వాటర్లూలో చదివే మా అమ్మాయి పబ్బులో ఏదో టాఫీ పుడింగు ఫొటో తీసి పంపి, “సో గుడ్, మామ్!” అంటుంది. అదీ పుడింగేనట, చక్కెర పాకంలో నానబెట్టిన కేకు ముక్క! పోయిన క్రిస్మస్‌కు ఒషావా చర్చికి వెళితే బల్లనిండా బిర్యానీలు, సమోసాలు, గులాబ్ జామూన్లు. పుడింగు జాడ లేదు, అడిగినవాళ్ళూ లేరు. అది పోయినందుకు నేను ఒక్క కన్నీటిచుక్క కూడా వృథా చేయను. భోజనాలయ్యాక ఎవరి పళ్ళెం వాళ్ళు చెత్తబుట్టలో వేసి, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ కార్ల దగ్గరికి నడిచారు. నాన్నలా లేవకూడదని ఎవరూ అనలేదు. నేనూ లేచాను.