మరుగు వెనక టీచరుగారు

మా పక్కింటి టీచరుగారు పోయారు. పొద్దున్నే ఆవిడ చెల్లెలు పిట్టగోడ దగ్గరకు వచ్చి, "అక్క వెళ్ళిపోయిందమ్మా. కాఫీకి లేపితే లేవలేదు" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ భయం ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. కూచిపూడి అవతల పల్లె నుంచి పెళ్ళయి భవానీపురం వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. టీచరుగారు బడిలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. మధ్యాహ్నం పేపరు పట్టుకొచ్చి, "చదివి పెట్టవే పిల్లా, కళ్ళజోడు కనబడటం లేదు" అనేవారు. కళ్ళజోడు ఆవిడ తల మీదే ఉండేది. నా చేత చదివించడానికే ఆ నాటకమని చాలా రోజులకు గాని తెలియలేదు. తర్వాత తర్వాత అది నాటకమో నిజమో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు పేపర్లో ఎవరో పాత నటుడు మరుగున పడిపోయాడని ఉంది. అర్థం అడిగాను.

"మరుగంటే నీకేం తెలుసో చెప్పు ముందు."

"మరుగుదొడ్డి తెలుసండీ" అన్నాను తల వంచుకుని.

ఆవిడ పడీ పడీ నవ్వారు. "అదేనే ఆ మాట! మరుగంటే చాటు, అడ్డు. మీ ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళు పోసుకోవడానికి తాటాకుల దడి కట్టుకుంటారు కదా, అదీ మరుగే. దాని వెనక మనిషి ఉంటుందా, ఉండదా?"

"ఉంటుందండీ."

"అంతే మరి. మరుగున పడ్డవాళ్ళు కనబడరు గానీ, ఉంటారు. మర్చిపోవడం మన బుర్రలో జరిగేది. మరుగు మనకీ వాళ్ళకీ మధ్యన లేచేది."

మరుపు, మరుగు, ఈ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే అయ్యుండొచ్చని, అంత లోతు తనకు తెలియదని కూడా అన్నారు.

తర్వాత ఆవిడకు మతిమరుపు మొదలైంది. ఒక మధ్యాహ్నం వెళ్తే గుమ్మంలోనే ఆపి, "ఎవరండీ మీరు?" అన్నారు. ఎప్పుడూ 'ఏమే' అని పిలిచే మనిషి నన్ను 'అండీ' అనేసరికి ఒక అడుగు వెనక్కి వేశాను.

"పక్కింటి కోడల్నండీ."

"ఎవరి భార్య? మీ ఆయన పేరేంటి?"

మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. "అదీ... ఆయన... వాళ్ళు..." అంటూ కొంగు నలుపుతూ నిలబడ్డాను. ఆవిడ కాసేపు చూసి, "ఓసినీ! మొగుడి పేరు చెప్పలేని పిల్లవా! రా లోపలికి" అన్నారు.

ఆనాటి నుంచి నాకు అదే ఆనవాలు. వెళ్ళినప్పుడల్లా అడిగేవారు, నేను నసిగేదాన్ని, నవ్వి పిలిచేవారు. ఇవాళ నవ్వకపోతే ఎలా అని, గుమ్మంలో నిలబడ్డ ప్రతిసారీ భయపడేదాన్ని. ఆవిడకూ భయమే. ఓసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అడ్డు పెరిగిపోతోందే. నేను గుర్తుపట్టకపోయినా నువ్వు రావడం మానకు" అన్నారు.

మానలేదు. ఇన్ని మాటలు కూడబలుక్కోకుండా రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. ఆవిడ మనసులో నేను లేకుండా పోతానని అప్పుడు భయపడ్డాను. ఇప్పుడు నా మనసులో ఆవిడ గొంతు ఎన్నాళ్ళుంటుందో అని భయపడుతున్నాను.

పోయిన వారం ఆఖరిసారి వెళ్ళాను. "మీ ఆయన పేరేంటండీ?" అన్నారు. నసిగాను. నవ్వలేదు. ఇంకాస్త నసిగాను. అలాగే చూస్తున్నారు. వంటింట్లోంచి చెల్లెలుగారు తొంగి చూశారు. ఇక ఆగలేక, పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన పేరు పైకి పలికాను.

టీచరుగారు మర్యాదగా తల ఊపారు.

"మంచి పేరండీ. కూర్చోండి."

మంచం మీది దుప్పటి పక్కకు జరిపి, ముడతలు పోయేలా అరచేత్తో పరుపును మెల్లగా సర్ది, నాకు చోటు చూపించారు.