గుగ్గిలం పట్టిన చక్రం

నాన్నకి భుజం పట్టేసినప్పుడు డాక్టరుగారు చెప్పింది ఒక్కటే, ఇక బరువు పని చెయ్యకూడదని. చుట్టాలు దానికి చాలా కలిపారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, కళ్లు తెరవగానే కొట్టు మూసెయ్యమని సలహా ఇచ్చి వెళ్లేవాళ్లు. పోయింది మనిషి కాదు, కుడి భుజం, అదీ సగమే అని నేను గుర్తుచేస్తే అమ్మ నన్ను టీ పెట్టడానికి లోపలికి పంపేసేది.

కొట్టంటే అవనిగడ్డ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. వెనకాలే మా ఇల్లు. కొట్లో గాలి కొట్టే కంప్రెసరు, నీళ్ల తొట్టి, టైర్లు ఊడదీసే ఇనప లివర్లు నాలుగు ఉంటాయి. డిగ్రీ అయ్యాక ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతూ, ఖాళీగా ఉన్నానన్న పేరు రాకుండా నేను అక్కడ కూర్చునేదాన్ని. నాన్న మంచం పట్టాక పంక్చర్లన్నీ నేనే వేశాను. కారు చక్రం నుంచి టైరు మొత్తం ఊడదీసే పనొస్తే మాత్రం, ఊళ్లో మెషీన్ ఉన్న షాపుకి పంపించమనేవాడు. నీ వల్ల కాదమ్మా అనేవాడు. ఎందుకు కాదో చెప్పమంటే భుజం చూపించేవాడు. తన భుజం.

చివరికి కంప్రెసరు ఆ మెషీన్ షాపాయనకే ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. బుధవారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారట. కంప్రెసరు లేని టైరు కొట్టులో ఇక మిగిలేది నీడ ఒక్కటే. కొట్టు నేను నడుపుతానని వారం రోజులు పోట్లాడాను. విసుగెత్తి, ఒక్క కారు టైరు చిరక్కుండా, ఎవరి సాయం లేకుండా ఊడదియ్యి, అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. అన్నది మంగళవారం రాత్రి అన్నం దగ్గర. మర్నాడు సాయంత్రానికి ఏ కారూ రాదని ఆయన ధీమా.

బుధవారం మధ్యాహ్నం కారొచ్చింది. దానికన్నా ముందు దాని వాసన వచ్చింది. పాలకాయతిప్ప వైపు నుంచి గుడివాడకి చేపలు వేసుకెళ్లే ఆయన కారు అది. వెనక సీటు పీకేసి ఐసు పెట్టెలు పెట్టుకున్నాడు. ఆ పెట్టెల్లోంచి కారే నీళ్లు, తీరం ఇసక కలిసి వెనక చక్రం రిమ్ముని తుప్పు పట్టించేశాయి, టైర్లో గాలి నిలవడం లేదు. స్టెప్నీ వేసుకుని, పాడైన చక్రాన్ని డిక్కీలో తెచ్చాడు. మెషీన్ షాపు వాళ్లు అప్పటికే చేతులెత్తేశారట. టైరు రిమ్ముకి పట్టేసింది, కొయ్యాల్సిందే అన్నారట.

"కొత్త టైరమ్మా, కోస్తే ఎట్టా? మీ నాన్న లేడా?"

"ఉన్నాడు బాబాయ్. భుజం సెలవులో ఉంది. నేను తీస్తాను."

ఆయన నన్నూ చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు. ఎవరి మీద జాలిపడాలో తేల్చుకోలేకపోయాడనుకుంటాను. ఈలోగా నాన్న చెయ్యి మెడకి కట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలేశాను. చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్ముకి అతుక్కున్న టైరు అంచుని కిందికి దిగ్గొట్టబోయాను. దిగలేదు. సబ్బునీళ్లు పోసి మళ్లీ కొట్టాను. దిగలేదు. ఎదురుగా ఉన్న ఆటో స్టాండు నుంచి సలహాలు నడిచొచ్చాయి. ట్రాక్టరుతో తొక్కించమని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన నన్ను పక్కకి తప్పుకోమని తనే ఎక్కి గెంతాడు. టైరుకి ఏమీ కాలేదు, ఆయన చెప్పు తెగింది.  నాన్న గోడ గడియారం వైపు చూశాడు. అది తిట్టుకన్నా ఎక్కువ.

కోపంతో అంచు దగ్గరే గోటితో గీకుతూ కూర్చున్నాను. గోటికి గోధుమరంగు పెచ్చు ఒకటి వచ్చింది. తుప్పు కాదు, గాజులా మెరుస్తోంది. వాసన చూస్తే, పక్కింటి మామ్మ సాయంత్రం పూట వేసే పొగ.

"బాబాయ్, ఇది గుగ్గిలమా?"

"అదా. రిమ్ము దగ్గర గాలి పోతా ఉంటే మేవే పెట్టాం. పాత చెక్క పడవలకి నీళ్లు రాకుండా మా నాన్న పెట్టేవాడు, గుగ్గిలం నూనెలో కాచి. అదే." కొంచెం గర్వంగా అన్నాడు. "సముద్రమే ఆగింది, గాలి ఆగదా?"

"మెషీన్ షాపులో చెప్పావా?"

"వాళ్లు అడగందే?"

పక్కన టీ కొట్టుకి వెళ్లి, పొయ్యి మీదున్న పెద్ద గిన్నెడు మరిగే నీళ్లు అడిగాను. ఎన్ని టీలు అన్నాడు కొట్టాయన. టైరుకి అన్నాను. ఎండలో పెట్టిన చక్రం అంచు చుట్టూ ఆ నీళ్లు పోశాను. రెండో గిన్నెకి గుగ్గిలం మెత్తబడి జిగురులా సాగింది. మడమతో గట్టిగా తొక్కితే అంచు చప్పుడు చేసుకుంటూ కిందికి జారింది. తిప్పి రెండో వైపు కూడా అంతే. చెప్పు తెగినాయన తను వదులు చెయ్యబట్టే వచ్చిందన్నాడు.

ఇక లివర్లు. నాన్న నోరు తెరిచాడు. "మోకాలు అవతల..."

"అదీ సాయం లెక్కలోకే వస్తుంది నాన్నా."

మూసేశాడు. మోకాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. లివరు వేసే చోటికి సరిగ్గా ఎదురుగా మోకాలేసి తొక్కితే, ఆ వైపు అంచు రిమ్ము మధ్య పల్లంలోకి దిగుతుంది. అప్పుడు ఇవతల వదులొస్తుంది. బలమంతా మోకాలిది, భుజానిది కాదు. ఇది ఆయన్ని చూసే నేర్చుకున్నాను. ఆయనకి మాత్రం తను భుజంతో చేస్తున్నట్టే ఉండేది పాపం. బెత్తెడు బెత్తెడు చొప్పున జరుపుతూ రెండు లివర్లతో పై అంచు తీశాను, తర్వాత కింది అంచు. టైరు ఊడి చేతికొచ్చింది.

నాన్న ఎడమ చేతి వేళ్లతో అంచు చుట్టూ తడిమాడు. ఎక్కడా చిరగలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. టీ కొట్టు పొగ అటే వస్తుంది కాబట్టి దానికి నేను పెద్దగా విలువివ్వలేదు. చేపల బాబాయ్ మాత్రం సీరియస్‌గా అడిగాడు, మళ్లీ గుగ్గిలం తెమ్మంటావా అని. వద్దన్నాను. రిమ్ము తుప్పు గీకి, లోపల ట్యూబు వేసి, టైరు ఎక్కించాను.

గాలి కొడుతుండగా మెషీన్ షాపాయన మినీ వ్యాను వేసుకుని వచ్చాడు. కంప్రెసరు చప్పుడుకి ఆయన మాట వినిపించలేదు. వచ్చిన పనేంటో అందరికీ తెలుసు కాబట్టి వినిపించనవసరం కూడా లేదు. నేను నాన్న వైపు చూడలేదు, గాలి మీటరు వైపే చూశాను.

"ఏమీ అనుకోకండి, అది ఇవ్వటంలేదండీ," అన్నాడు నాన్న గొంతు పెంచి. "మా అమ్మాయి వాడుకుంటోంది."

మెషీన్ షాపాయన, ఎలాగూ వచ్చాను కదాని తన వ్యాను ముందు టైరుకి గాలి కొట్టమన్నాడు. కొట్టాను.

కంప్రెసరు ఇప్పటికీ ఇక్కడే ఉంది. వారానికోసారి మొరాయిస్తుంది. మొరాయించిన రోజు మాత్రం, మెషీన్ షాపాయనకే ఇచ్చేసి ఉండాల్సింది అనిపిస్తుంది.